బెల్లంపల్లి మందార, కొత్తగూడెం మల్లె

గడ్డపార వేస్తే ఖంగుమని మోగింది తప్ప నేలలోకి దిగలేదు. "మొరం బిడ్డా, మూడు ఫీట్లు పోసిన్రు" అంది అమ్మ, అరుగు మీద కూర్చుని. సెంటినరీ కాలనీకి కొంచెం అవతల, బాపు రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో కట్టుకున్న ఇల్లు అది. నాలుగు గదులు, పైన స్లాబు, చుట్టూ ప్రహరీ. గోడకీ ఇంటికీ మధ్య మూడు వైపులా ఖాళీ జాగా. అందులో ఒక్క గడ్డిపోచ లేదు. మిగిలిపోయిన కంకర, సిమెంటు పెళ్లలు, చిరిగిన బస్తాలు, అంతే. బాపు ఆ ఇంట్లో పద్నాలుగు నెలలే ఉన్నాడు. ఆయన పోయిన ఏడాదికి అమ్మ నాకు ఫోన్ చేసింది. "ఇంటి సుట్టు పూలచెట్లు పెడ్దామనుకుంటున్న. ఏం పెడ్తె మంచిగుంటదో జెర సూడరాదు, సదువుకున్నదానివి గద."

నేను చదువుకున్నది సాహిత్యం. ప్రబంధాల్లో వచ్చే పూల పేర్లు చెప్పమంటే గుక్క తిప్పుకోకుండా యాభై చెప్పగలను. వాటిలో ఏది ఎండకి ఆగుతుందో, ఏది మొరంలో బతుకుతుందో నాకు తెలీదు. ఆ సంగతి ఆమెకీ తెలుసు. అయినా అడిగింది. ఎందుకడిగిందో ఆ తర్వాత వారం పెద్దమ్మ మాటల్లో అర్థమైంది. "ఇంకెవలకే పూలు? కరివేపాకు పెట్టుమను, బొప్పాయి పెట్టుమను, కూరకన్న పనికొస్తయి." భర్త పోయిన ఆడమనిషి పూల మొక్కలు పెట్టుకోవాలంటే ఇంకెవరిదో మాట సాయం కావాలి. పీహెచ్‌డీ చేసిన కూతురు చెప్పిందంటే సరిపోతుంది.

పరిశోధకులందరూ చేసే పనే నేనూ చేశాను. జాబితా రాశాను. ఈ నేలవే పెట్టాలి, పరాయివి వద్దు అని నియమం పెట్టుకున్నాను. మొదటి పేరు తంగేడు. 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పంగా ప్రకటించారు కదా, దానికంటే మనది ఏముంటుంది? తర్వాత గునుగు, కనకాంబరం, నందివర్ధనం, పారిజాతం. ఫోన్లో చదివి వినిపిస్తే అమ్మ నవ్వింది. "తంగేడు ఎవలన్న పెడ్తరా? అది అదే మొలుస్తది. మరి కాగితం పూలేవి? బంతేది? సంద్రకాంతలేవి?"

నేను చెప్పాను, బంతి మెక్సికో నుంచి వచ్చిందని, చంద్రకాంత కూడా అమెరికా ఖండానిదేనని, బిళ్ళగన్నేరు మడగాస్కర్‌దని. ఆమె కాసేపు ఊరుకుని, "మనం మాత్రం ఈడోళ్లమా?" అంది.

ఆ ఒక్క మాట నా జాబితాని చెడగొట్టింది. ఈ వ్యాసం అక్కడే మొదలైంది.

మేం ఈడోళ్లం కాదు. సెంటినరీ కాలనీలో ఈడోళ్లు ఎవరూ లేరు, ఆ నేల ఇచ్చిన ఊళ్లవాళ్లు తప్ప. పేరులోనే ఉంది కదా, ఇది ఒక కంపెనీ నూరేళ్ల పండుగ పేరు పెట్టుకున్న ఊరు. ఎల్లందు దగ్గర బొగ్గుందని భూగర్భ సర్వేకి చెందిన విలియం కింగ్ 1871లో కనిపెట్టాడు. ఇంగ్లండులో పెట్టిన హైదరాబాద్ (దక్కన్) కంపెనీ 1886లో తవ్వకం హక్కులు సంపాదించింది. 1889లో బొగ్గు తీయడం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. ఎల్లందు తర్వాత 1920ల చివర్లో బెల్లంపల్లి, 1930లలో కొత్తగూడెం, 1960ల మొదట్లో గోదావరిఖని. బొగ్గు ఎక్కడుంటే అక్కడికి మనుషులు. మా తాత ఎల్లందులో పుట్టి బెల్లంపల్లిలో పనికెక్కాడు. మా మేనమామ కొత్తగూడెం. బాపు గోదావరిఖనిలో ఫిల్లర్‌గా చేరి, ఆర్జీ-3 ఏరియాకి బదిలీ అయి సెంటినరీ కాలనీకి వచ్చాడు. ఈ చరిత్ర రాసిన పుస్తకాలన్నీ టన్నుల్లో మాట్లాడతాయి. కార్మిక చరిత్ర రాసినవాళ్లు సమ్మెల్లో మాట్లాడతారు, అది టన్నుల కంటే నయం. రెండింట్లోనూ మా అమ్మ లేదు.

మా క్వార్టర్ ముందు ఎనిమిదడుగుల వెడల్పు జాగాలో ఆమె పెంచిన మొక్కలకి పేర్లుండేవి. ఎర్ర ముద్ద మందార "బెల్లంపల్లి మందార". గుండు మల్లె "కొత్తగూడెం మల్లె". దొడ్లో నందివర్ధనం "మందమర్రిది". చిన్నప్పుడు అవి మొక్కల రకాలనుకునేదాన్ని. సాగర్ సన్నాలు, బంగినపల్లి లాంటివనుకున్నాను. కాలేజీకి వచ్చాక ఎవరో స్నేహితురాలింట్లో అదే మందార చూసి "ఇది బెల్లంపల్లి మందార కదా" అంటే ఆమె తెల్లబోయింది. ఆ పేర్లు రకాలు కావు, దారులు. ఏ ఊరి నుంచి ఏ ఆడమనిషి చేతిలో కొమ్మ వచ్చిందో దాని గుర్తు. బదిలీ ఆర్డరు మగవాళ్ల పేరున వచ్చేది. లారీలో బీరువా, మంచం, సైకిలు ఎక్కేవి. చివరగా ఆడవాళ్లు తడి గోనెగుడ్డలో చుట్టిన నాలుగు కొమ్మల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాళ్లు. మందార కొమ్మ గుచ్చితే బతుకుతుంది. మల్లెకైతే ముందే తీగని వంచి మట్టిలో తొక్కి పెట్టాలి, వేళ్లొచ్చాక కోసుకోవాలి. అంటే బదిలీ వస్తుందని నెలన్నర ముందే పసిగట్టాలన్నమాట. కార్మిక సంఘం నాయకుల కంటే ముందే మా అమ్మకి తెలిసేది.

1986లో స్త్రీ శక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ల మాటల్ని వాళ్ల గొంతులోనే వినిపించిన పుస్తకం అది. చరిత్ర కాగితాల్లోనే ఉండదని మా తరానికి నేర్పింది. నేను ఎం.ఏ.లో చదివి ఊగిపోయాను కానీ, మా ఇంటి ముందున్న దాన్ని అలా చూడాలని తోచలేదు. అమెరికా నల్లజాతి రచయిత్రి ఆలిస్ వాకర్ 1974లో తన తల్లి పూలతోట గురించి రాసిన వ్యాసాన్ని క్లాసులో పాఠంగా కూడా చెప్పాను. జార్జియాలో పాలు సాగు చేసుకునే కుటుంబం, ఎలాంటి కొంపలో ఉండాల్సొచ్చినా దాని చుట్టూ పూలు నింపిన తల్లి. పాఠం చెప్పి ఇంటికొచ్చి, అమ్మ నీళ్లు పొయ్యమంటే విసుక్కున్నాను.

ఆ విసుగు గురించీ చెప్పాలి, లేకపోతే ఇదంతా మరీ తీయగా తయారవుతుంది. ఆ తోటకి నీళ్లు మోసింది నేనూ, అక్కా. నల్లా నీళ్లు వచ్చే గంటలో ముందు తాగడానికి, వండడానికి పట్టుకోవాలి. మొక్కలకి స్నానం నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు. బాపు ఫస్ట్ షిఫ్ట్ దిగి వచ్చి స్నానం చేసిన నీళ్లు నల్లగా ఉండేవి, అవీ కనకాంబరాలకే. తమ్ముడు ఒక్క బకెట్టు మోసిన గుర్తు లేదు. ఇంటి చుట్టూ అందం కూడా ఆడవాళ్ల చాకిరీలో భాగమే. అమ్మని "అది నీ కళ" అన్నానొకసారి. "కళ గిళ ఏంది, మీ బాపు బాయిల దిగినంక పొద్దు పోవాలె గద" అంది. బాయి నుంచి మనిషి తిరిగొచ్చేదాకా చేతులకేదో పని ఉండాలి. బొగ్గు వాడల్లో ఆడవాళ్లందరికీ ఆ ఎనిమిది గంటలు తెలుసు.

తనే ఆ బాయిలోకి దిగే వీలు ఆమెకి ఎన్నడూ లేదు. బ్రిటిష్ ఇండియా గనుల్లో భూగర్భంలో ఆడవాళ్లు బాగానే పనిచేసేవారు. 1929 నిబంధనలతో వాళ్లని అంచెలంచెలుగా తీసేశారు. యుద్ధానికి బొగ్గు కావాల్సొచ్చి 1943లో మళ్లీ రానిచ్చి, 1946లో మళ్లీ గేటు మూశారు. 1952 గనుల చట్టం 46వ సెక్షన్ స్త్రీలని భూగర్భంలో పనికి పెట్టకూడదంది, నేల మీద కూడా రాత్రి 7 నుంచి ఉదయం 6 దాకా వద్దంది. 2019లోగానీ కేంద్రం దాన్ని సడలించి సాంకేతిక, పర్యవేక్షణ ఉద్యోగాల్లో పగటిపూట కిందికి వెళ్లనివ్వలేదు. రక్షణ పేరుతో చేసిన చట్టమే, కాదనను. కానీ గని మీద ఆధారపడ్డ ఊళ్లో గని పని లేకపోవడమంటే జీతం లేకపోవడం, పేరు లేకపోవడం, క్వార్టర్ మీద హక్కు లేకపోవడం. మిగిలింది ఇంటి ముందు ఎనిమిదడుగులు.

కాగితం పూల దగ్గరికి వస్తాను. నేను వద్దన్నదీ, అమ్మ పట్టుబట్టిందీ అదే. ప్రహరీ మీద పాకితే ముళ్లుంటాయి, మేకలు రావు, నీళ్లు పెద్దగా అడగదు, ఎండ ఎంత కొడితే అంత పూస్తుంది. ఆమె వాదనలు ఇవి. నా వాదన ఒక్కటే, అది బ్రెజిల్‌ది. ఆమె మీద గెలవడానికి పుస్తకాలు తిరగేస్తూ జాన్ బారే కథలో పడ్డాను.

1766-67లో ఫ్రాన్స్ నుంచి బూగన్‌విల్ అనే కెప్టెన్ నాయకత్వంలో ప్రపంచాన్ని చుట్టడానికి వెళ్లిన ఓడల్లో కొమెర్సాన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడున్నాడు. అతనికి సహాయకుడిగా ఒక యువకుడున్నాడు. ఆ యువకుడు నిజానికి జాన్ బారే అనే స్త్రీ. ఫ్రెంచి నౌకాదళం ఓడల్లో ఆడవాళ్లు ఎక్కకూడదని నిషేధం, అందుకే మగవేషం. కొమెర్సాన్‌కి కాలి పుండు, సరిగా నడవలేడు. కొండలెక్కి, బరువులు మోసి మొక్కలు సేకరించే పనిలో చాలా భాగం ఆమెదే. రియో దగ్గర సేకరించిన ఆ తీగకి కెప్టెన్ పేరు మీద బూగన్‌విలియా అని పేరొచ్చింది. దాన్ని మొదట తెంపింది ఆమె చేతులే కావచ్చని నమ్మేవాళ్లున్నారు. కొమెర్సాన్ ఒక మొక్కకి ఆమె పేరు పెట్టాలనుకున్నాడు, ఆ పేరు నిలవలేదు. ప్రపంచాన్ని చుట్టి వచ్చిన మొదటి స్త్రీగా ఇప్పుడామెని గుర్తిస్తున్నారు. ఆమె పేరు శాశ్వతంగా ఒక మొక్కకి దక్కింది 2012లో, అదీ వంకాయ కుటుంబంలోని ఒక అడవి తీగకి.

ఇది అమ్మకి చెప్పాను. ఆడవాళ్లు ఎక్కకూడని ఓడ, ఆడవాళ్లు దిగకూడని బాయి... నేను పోలికలు చెప్తుంటే ఆమెకి వేరే సంగతి పట్టింది. "మగోని లెక్క అన్ని నెల్లు ఎట్లున్నదో పాపం, బయటున్నప్పుడు ఏం జేసిందో." నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఆ ప్రశ్న అంత సూటిగా అడగలేదు.

కాగితం పూలు జాబితాలోకి ఎక్కాయి. వాటిలో రంగుగా కనిపించేవి పూరేకులు కావు, ఆకులే. మధ్యలో సన్నగా తెల్లగా ఉండేది అసలు పువ్వు. చంద్రకాంత కూడా వచ్చింది. దాని ఆకుల మచ్చల రంగు తండ్రి మొక్కతో సంబంధం లేకుండా తల్లి మొక్క నుంచే వస్తుందని కార్ల్ కోరెన్స్ 1909లో నిరూపించాడు. ఈ సంగతి విని అమ్మ "గంతేగా మరి" అంది, పెద్ద వింతేమీ కాదన్నట్టు. పచ్చగన్నేరు మాత్రం వద్దంది. ఎందుకో మా వాడలో ఆడవాళ్లెవరికీ విడమరచి చెప్పక్కర్లేదు.

ఆమె ఎంపికకి ఉన్న అసలు కొలబద్ద ధూళి. బొగ్గు ఊళ్లో పూలమొక్కని రంగు చూసి ఎంచుకోరు, ఆకు చూసి ఎంచుకుంటారు. నూగున్న ఆకు మీద ధూళి పట్టి వదలదు, ఆకు ఊపిరాడక పసుపెక్కుతుంది. నున్నటి ఆకైతే ఒక వాన పడితే కడుక్కుపోతుంది. అందుకే నందివర్ధనం, గన్నేరు. మల్లెమొగ్గ సాయంత్రం విచ్చకముందే కోసేయాలి, పొద్దుటిదాకా ఉంచితే తెలుపు పోతుంది. చామంతి నాజూకు. గులాబీకి చాకిరీ ఎక్కువ. కనకాంబరానికి వాసన లేదు కానీ కోసినా రెండు మూడు రోజులు వాడదు, రోజూ మాల కట్టే తీరిక లేనివాళ్ల పువ్వది. దాని ఎండిన కాయ తడి తగిలితే టప్పున పేలి గింజలు దూరంగా పడతాయి. తొలి వానకి దొడ్లో ఆ చప్పుళ్లు వినడం మా చిన్నప్పటి ఆట.

బాపు ఒకసారి బాయి నుంచి ఒక రాయి తెచ్చాడు. పలకలా పగిలిన నల్లటి రాయి, దాని మీద నాలుకలాంటి ఆకు అచ్చు, ఈనెలతో సహా. గ్లోసాప్టెరిస్ అంటారని చాలా ఏళ్లకి తెలిసింది. గోదావరి లోయ బొగ్గు పెర్మియన్ కాలపు అడవుల నుంచి వచ్చింది, పాతిక కోట్ల ఏళ్లకి పైమాటే. అమ్మ దాన్ని తులసి గద్దె దగ్గర పెట్టి, "మరి దీని పువ్వేది?" అని అడిగింది. బాపు వెతికి తెస్తానన్నాడు. తేలేకపోయాడు. తేగలిగేవాడు కాదు కూడా. భూమ్మీద పూలు పూసే మొక్కలు మొదలై సుమారు పదమూడు కోట్ల ఏళ్లు. బొగ్గుగా మారిన అడవిలో ఒక్క పువ్వూ లేదు.

పూలన్నీ పైన, ఆ బొగ్గు మీది మట్టిలో. ఓపెన్‌కాస్ట్‌లో ముందు తీసేసేది ఆ మట్టినే. ఇక్కడే నా జాబితాలో మొదటి పేరు దగ్గరికి మళ్లీ రావాలి. తంగేడు, గునుగు, కట్ల పూలు ఎవరూ పెట్టి పెంచేవి కావు. చెలకల్లో, బీళ్లలో, గట్ల మీద వానలకి మొలిచి, బతుకమ్మ నాటికి పూసేవి. తంగేడు బెరడు తోలు ఊనడానికి వాడేవారు. రాష్ట్ర పుష్పం కావడానికి చాలా ముందే అది దళితుల చేతిపనికి ఆధారం, ఆ సంగతి ప్రకటనల్లో కనిపించదు. కాలనీకి వచ్చిన కొత్తలో ఎంగిలిపూల నాటికి మేం పిల్లలం సంచులు పట్టుకుని చెలకల్లోకి పోయి, రామగిరి ఖిల్లా వైపు తిరిగి సంచి నిండా తెచ్చేవాళ్లం. 2011లో సకల జనుల సమ్మెలో బొగ్గు బాయిలు ఆగినప్పుడు అమ్మావాళ్లు రోడ్డు మీద బతుకమ్మ ఆడారు, ఆ పూలు కూడా చాలావరకు ఏరి తెచ్చినవే. ఇప్పుడా చెలకల్లో కొన్ని గుంతలయ్యాయి, కొన్ని మట్టి గుట్టల కింద ఉన్నాయి. గుట్టల మీద చెట్లు పెంచుతున్నారు, పచ్చగానే ఉంటాయి దూరం నుంచి. గునుగు మాత్రం మార్కెట్లో కట్టకింత అని కొంటున్నాం. ఆ చెలకలు ఎవరివో వాళ్ల ఆడవాళ్లు పునరావాసపు ప్లాట్లలో, మాలాగే మొరం మీద, ఏం పెట్టాలా అని చూస్తూ ఉంటారు. వాళ్ల వైపు నుంచి ఈ వ్యాసం వేరేగా ఉంటుంది. అది నేను రాయగలిగేది కాదు.

పెద్దమ్మ మాట దగ్గరే ఇంకా ఆగి ఉన్నాను. మన ప్రబంధాల్లో పురవర్ణన వచ్చిందంటే పుష్పలావికలుంటారు, పూలమ్మే ఆడవాళ్లు, కొనే మగవాళ్లు, ద్వంద్వార్థాలు. పూలు పెంచిన ఆడవాళ్లు కనిపించరు. 'ఆముక్తమాల్యద'లో తోట విష్ణుచిత్తుడిది, గోద ఆ తోటలో దొరికిన పిల్ల. అయితే కృష్ణదేవరాయల కావ్యం పేరే ఆ పిల్ల చేసిన పని మీద ఉంది. దేవుడి దండని ముందు తను వేసుకుని తర్వాత ఇచ్చింది. పూలు ముందు ఎవరివి అన్న ప్రశ్న అంత పాతది. మా వాడలో దానికి జవాబు స్పష్టం: ముందు దేవుడివి, తర్వాత ముత్తయిదువలవి. ముప్పై ఏళ్లు మల్లె పెంచిన మనిషికి పదకొండో రోజు నుంచి ఆ మల్లెతో సంబంధం ఉండదు. కోయొచ్చు, కట్టొచ్చు, పంచొచ్చు. నేను స్త్రీవాదిని కాబట్టి పెట్టుకోమని చెప్పాలి. రెండుసార్లు చెప్పబోయి మానేశాను. ఆమె బతికేది నా సెమినార్లలో కాదు, ఆ వీధిలో.

కొమ్మల కోసం మా పాత క్వార్టర్‌కి వెళ్లాం, జూలైలో. ఖాళీ చేసిన రోజు వచ్చినాయన తలుపులు, నల్లాలు, స్విచ్చులు లెక్క చూసుకుని సంతకం చేయించుకున్నాడు, మొక్కల గురించి ఎవరూ అడగలేదు. ఇప్పుడుంటున్నామె భూపాలపల్లి నుంచి వచ్చింది, నా కంటే చిన్నది. మల్లెని చూపించి "ఇది ముందటోళ్లది అమ్మా, మస్తు పూస్తది" అంది. ఆ ముందటోళ్లం మేమేనని అమ్మ వెంటనే చెప్పలేదు. మందార కొమ్మలు కోసుకున్నాక, ఛాయ్ తాగాక చెప్పింది. ఆమె లేచి లోపలికెళ్లి, తనతో తెచ్చుకున్న తెల్ల శంఖుపూల గింజలు పొట్లం కట్టి ఇచ్చింది. మల్లె తీగ తొక్కి పెట్టి, వేళ్లొచ్చాక కబురు చేస్తానంది. చేసింది కూడా.

గుంతలు తవ్వడానికి ఇద్దరు మనుషుల్ని పెట్టాం. రెండడుగుల లోతు, మొరం ఎత్తిపోసి, ట్రాక్టర్ చెరువుమట్టి, అందులో పెంటెరువు. తూర్పు మూల మాత్రం తవ్వనివ్వలేదు అమ్మ. పైన నాలుగు తట్టల మట్టి చల్లించి వదిలేసింది. ఆ అక్టోబర్‌లో బతుకమ్మకి కొన్న గునుగులో ఒక కట్ట దాచి, ఎండాక అరచేతుల్లో నలిపి నల్లటి గింజల్ని ఆ మూల జల్లింది. "నీ లిస్టులది" అంది నాతో.

ఇదంతా జరిగి రెండేళ్లవుతోంది. పారిజాతం చచ్చిపోయింది. కాగితం పూలు గేటు దాటి కరెంటు తీగ మీదికి పాకుతుంటే కోయిస్తోంది. పెద్దమ్మ వచ్చినప్పుడల్లా కరివేపాకుని మెచ్చుకుని, వెళ్లేటప్పుడు కనకాంబరాలు అడిగి కోసుకుపోతుంది. ఆమె కోడలికట. మల్లెని అమ్మ ఇప్పుడు "కాలనీ మల్లె" అంటోంది. కొత్తగూడెం పేరు ఎప్పుడు పోయిందో నేను గమనించలేదు. మొగ్గలు సాయంత్రం కోసి, వీధిలో ఆడపిల్లలకి ఇచ్చి, ఓ గుప్పెడు స్టీలు గిన్నెలో ఉంచుకుంటుంది. మొన్న వేసవిలో వెళ్లినప్పుడు రాత్రి కరెంటు పోయి లేచి చూశాను. గిన్నె ఆమె దిండు పక్కనుంది.

గునుగు నిరుడు తూర్పు మూల ఏడు మొలిచాయి. ఒకటి గోడ అవతల, ఇంకా ఎవరూ ఇల్లు కట్టని ప్లాటులో మొలిచింది. అమ్మ బకెట్టు పట్టుకుని గేటు బయటికెళ్లి, చుట్టూ తిరిగి దానికీ నీళ్లు పోసి వస్తోంది.